వృద్ధాశ్రమంలో కార్యక్రమాలు: ఉన్న కాస్త డబ్బు ముందు దేనికి?

(వృద్ధాశ్రమాల నిర్వాహకులు, సిబ్బంది, కుటుంబసభ్యులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్ళకి వినబడుతోందా? వినబడకపోతే మొహమాటపడకుండా చెయ్యి ఎత్తండి. ఎందుకు అడుగుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "జీతాలకీ, మందులకీ, కరెంటు బిల్లుకీ సరిపోవడమే గగనంగా ఉందండీ, ఇంక కార్యక్రమాలెక్కడ పెట్టమంటారు?" అని. ఆ ఇబ్బంది నిజమే. నెలాఖరుకి ఖర్చు తగ్గించాలంటే అందరి కళ్ళూ ముందు పడేది ఈ పద్దు మీదే. మందులు ఆపలేం. వంట ఆపలేం. పాటలు ఆపేస్తే అడిగేవాళ్ళెవరు? అడగాల్సినవాళ్ళు కుర్చీలో కూర్చుని కునుకు తీస్తుంటారు.

ఖర్చులేని కార్యక్రమాలు యాభై అంటూ జాబితా ఏదీ నేను తేలేదు. అలాంటివి మీకు ఎక్కడైనా దొరుకుతాయి. ఉన్నది కొంచెమే అయినప్పుడు ఆ కొంచెం ముందు దేనికి ఖర్చుపెట్టాలి అన్నదే ఇవాళ నా విషయం. నా సమాధానం ముందే చెప్పేస్తాను. మనిషి పాల్గొనకుండా అడ్డుపడేది ఏదైతే ఉందో, ముందు దాన్ని తొలగించడానికి. తర్వాత, పక్కన కూర్చునే మనిషి సమయానికి. సామాన్లు ఆ తర్వాత.

ఒక్కసారి మీమీ ఆశ్రమంలో మధ్యాహ్నం మూడు గంటలకి హాలు ఎలా ఉంటుందో గుర్తుతెచ్చుకోండి. గోడ పొడుగునా కుర్చీలు. ఓ మూల టీవీ. టీవీలో ఏం వస్తోందో చూసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళు? మిగతావాళ్ళు అలా కూర్చుని ఉంటారు. మనం ఒక పాటల కార్యక్రమం పెట్టాం అనుకోండి. అందరినీ తెచ్చి కూర్చోబెట్టాం. నలభైమంది వచ్చారని రిజిస్టర్లో రాశాం. నలభైమంది వచ్చారు, సరే. ఎంతమందికి వినబడింది? ఎంతమందికి పాడేవాళ్ళ మొహం కనబడింది? ఎంతమంది మధ్యలో బాత్రూముకి వెళ్ళాల్సి వస్తుందేమోనన్న టెన్షన్‌తో కూర్చున్నారు? ఈ లెక్క మన రిజిస్టర్లో ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం 60 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 25 మందికి పైగా బాగా ఇబ్బందిపెట్టే స్థాయి వినికిడి లోపం ఉంది. అది 60 దాటినవాళ్ళందరినీ కలిపి చెప్పిన మాట. మన దగ్గరున్నవాళ్ళలో ఎక్కువమంది 80కి అటూఇటూ. అంటే మన హాల్లో పరిస్థితి ఇంకా కష్టంగానే ఉంటుంది.

ఒక మామ్మగారి సంగతి చెప్తాను. ఆవిడ ఫైల్లో ఒక వాక్యం ఉండేది: "కార్యక్రమాల పట్ల ఆసక్తి లేదు." ఎవరు రాశారో ఎప్పుడు రాశారో తెలియదు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళూ అది చదివి, ఆవిణ్ణి గదిలోనే ఉండనిచ్చారు. ఒకరోజు ఆవిడ సొరుగు సర్దుతుంటే చేతిరుమాల్లో మూటకట్టిన చిన్న డబ్బా దొరికింది. లోపల చెవి మిషన్. బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. మిషన్ గొట్టంలో గులిమి గట్టిపడి ఉంది. ఆవిడకి ఆసక్తి లేకపోవడమేమిటి? ఆవిడకి మనం వినబడటం లేదు, అంతే. గులిమి తీయించి, గొట్టం శుభ్రంచేసి, కొత్త బ్యాటరీ వేశాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఆ ఫ్యాను ఎప్పుడూ ఇంత చప్పుడు చేస్తుందా?" అని.

ఈ బ్యాటరీల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఉన్నవాళ్ళలో చాలామంది దీన్ని కార్యక్రమాల ఖర్చు అనుకోరు. చెవి మిషన్లలో మామూలుగా వాడేవి జింక్-ఎయిర్ బ్యాటరీలు. దానిమీద చిన్న రంగు కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితం తీసిన దగ్గర్నుంచి గాలి లోపలికి వెళ్ళి బ్యాటరీ పనిచేయడం మొదలవుతుంది. వాడినా వాడకపోయినా తరిగిపోతూనే ఉంటుంది. మళ్ళీ కాగితం అంటించి దాచుకుందామంటే పెద్దగా ప్రయోజనం ఉండదు. సైజునీ వాడకాన్నీ బట్టి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా వస్తుంది. సైజులు నాలుగు, రంగులు నాలుగు: 10 అయితే పసుపు, 312 అయితే గోధుమరంగు, 13 అయితే నారింజ, 675 అయితే నీలం. ఆయాలకి అంకెలు గుర్తుండక్కర్లేదు, రంగు గుర్తుంటే చాలు. స్టాఫ్ గదిలో గోడమీద ఒక కాగితం అంటించండి. ఎవరిది ఏ రంగు, ఏ తేదీన మార్చాం. అంతే. కొత్తగా మార్చుకునేవాళ్ళకి ఛార్జింగ్ మిషన్లు వస్తున్నాయి. వాటికైతే రాత్రి ఛార్జింగ్ పెట్టే బాధ్యత ఎవరిదో రాసిపెట్టాలి.

కళ్ళ సంగతి కూడా ఇలాంటిదే. 20 ఏళ్ళ వయసులో కంటి లోపలికి ఎంత వెలుతురు చేరుతుందో, 60 వచ్చేసరికి అందులో దాదాపు మూడోవంతే చేరుతుంది. కాబట్టి మనకి చాలినంత వెలుతురు వాళ్ళకి చాలదు. రంగుల పెట్టెలూ పుస్తకాలూ కొనేముందు, ఆ బల్లమీద ఒక మంచి దీపం కొనండి. కళ్ళజోళ్ళు రోజూ తుడవండి. ఫ్రేము మీద పేరు రాయండి, ఎందుకంటే ఒకరి కళ్ళజోడు ఒకరికి వెళ్ళడం ప్రతి ఆశ్రమంలోనూ జరిగేదే. చదవడానికి ఇచ్చే కాగితాల్లో అక్షరాలు పెద్దవి చేసి, తెల్లకాగితం మీద నల్లగా అచ్చువేయండి.

ఇక కూర్చోవడం. గంటసేపు కూర్చోలేని కుర్చీలో కూర్చోబెట్టి మనిషిని సంతోషపెట్టలేం. కుర్చీలు గోడవారన కాకుండా గుండ్రంగా వేస్తే పక్కమనిషి మొహం కనబడుతుంది. కార్యక్రమానికి ముందు అందరినీ ఒకసారి బాత్రూముకి తీసుకెళ్ళండి. దానికి పైసా ఖర్చులేదు. కానీ "నేను రానమ్మా" అనేవాళ్ళలో కొందరు ఆ ఒక్కదానితోనే వస్తారు.

ఇదంతా వైద్యం పద్దులోకి వస్తుంది కదా, కార్యక్రమాల డబ్బు ఎందుకు పెట్టాలి అని మీరు అడగొచ్చు. వైద్యం పద్దులోంచి వస్తే మహబాగు, తప్పకుండా అక్కణ్ణుంచే తీసుకోండి. రాకపోతే మాత్రం కార్యక్రమాల డబ్బులో మొదటి ఖర్చు ఇదే కావాలి. వినబడని మనిషి ముందు ఎంత గొప్ప కచేరీ పెట్టినా ఆ డబ్బు పోయినట్టే.

ఇప్పుడు రెండోదానికి వద్దాం, మనిషి సమయం. చిన్న లెక్క చేద్దాం, మీరూ నాతోపాటు చెయ్యండి. ఒక ఆశ్రమంలో 40 మంది పెద్దలు. కార్యక్రమాలు చూసుకునే మనిషి ఒక్కరు, వారానికి 30 గంటలు పనిచేస్తారు. 30 గంటలంటే 1,800 నిమిషాలు. 40తో భాగిస్తే ఒక్కొక్కరికి 45 నిమిషాలు. వారం మొత్తానికి! రోజుకి 14 గంటలు మేలుకుని ఉంటారనుకుంటే వారానికి 98 గంటలు. 98 గంటల్లో 45 నిమిషాలు. అందులోంచి కూడా సర్దడం, ఫోన్లు, రిజిస్టరు రాయడం తీసేయండి. ఏం మిగిలింది?

అందుకే నేను కార్యక్రమం అన్నది ఒక మనిషి ఉద్యోగం, ఒక గంట ప్రోగ్రాం అనుకోకండి అంటాను. ఆ 98 గంటల్లో స్నానం ఉంది, బట్టలు కట్టుకోవడం ఉంది, తల దువ్వడం ఉంది, మంచం సర్దడం ఉంది. ఆ పనులన్నిట్లోనూ ఒక మనిషి ఇంకో మనిషి పక్కనే ఉంటారు. ఆ సమయానికి మనం ఇప్పటికే జీతం ఇస్తున్నాం. దాన్ని గబగబా ముగించే పనిగా చేస్తున్నామా, మాట్లాడుకునే సమయంగా చేస్తున్నామా? ఆయాలని తప్పుపట్టడం లేదు. ఒక ఉదయం పూట ఒక్కొక్కరు ఎంతమందికి స్నానాలు చేయిస్తారో నాకు తెలుసు. నేను నిర్వాహకులతో మాట్లాడుతున్నాను. "పదిమందికి స్నానం చేయించావా లేదా" అని ఒక్కటే అడిగితే ఆవిడ పదిమందికీ స్నానమే చేయిస్తుంది. "ఇవాళ ఎవరితో ఏం మాట్లాడావు" అని కూడా అడగండి. అడిగి, అది కూడా పనే అని ఒప్పుకోండి.

బిల్ థామస్ అనే అమెరికన్ డాక్టరు 1991లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్, అంటే మన వృద్ధాశ్రమం లాంటిదాని బాధ్యత తీసుకున్నారు. అక్కడున్నవాళ్ళని బాధపెడుతున్నవి మూడని ఆయన గుర్తించారు. ఒంటరితనం, నిస్సహాయత, విసుగు. వీటికి మందుల చీటీ లేదు. ఆయన అక్కడికి కుక్కల్నీ, పిల్లుల్నీ, పక్షుల్నీ, మొక్కల్నీ, పిల్లల్నీ తెచ్చారు. దాన్నే తర్వాత ఈడెన్ ఆల్టర్నేటివ్ అన్నారు. మనం అందరం రేపు వంద పక్షులు కొనమని నేను చెప్పడం లేదు. ఆ మూడు మాటలు చూడండి. మనం పెట్టే ప్రోగ్రాముల్లో చాలావరకు విసుగు ఒక్కటే పోగొడతాయి, అది కూడా ఓ గంటసేపు. నిస్సహాయత ఎలా పోతుంది? ఎదుటివాళ్ళు చేసిపెడుతుంటే కూర్చుని చూస్తే పోతుందా? తన చేత్తో తను ఒకటి చేస్తేనే, తన మాట ఒకటి చెల్లితేనే పోతుంది.

దీనిమీద 1976లో వచ్చిన ఒక అధ్యయనం చాలా ప్రసిద్ధం. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేశారు. ఒక అంతస్తులో వాళ్ళకి, ఇక్కడ మీ గది, మీ రోజు మీ ఇష్టం, మీరే నిర్ణయించుకోండి అని చెప్పారు. తలా ఒక మొక్క ఎంచుకోమన్నారు, నీళ్ళు పోసుకునే బాధ్యత వాళ్ళదే. సినిమా ఏ రోజు చూస్తారో కూడా వాళ్ళే ఎంచుకోవచ్చు. ఇంకో అంతస్తులో వాళ్ళకీ మొక్కలిచ్చారు, సినిమా వేశారు. కానీ మొక్క చేతికిచ్చి, నీళ్ళు నర్సులే పోస్తారన్నారు. సినిమా ఏ రోజో సిబ్బందే చెప్పారు. మూడు వారాల తర్వాత చూస్తే మొదటి అంతస్తులో వాళ్ళు ఎక్కువ హుషారుగా, ఎక్కువ సంతోషంగా ఉన్నారు, ఎక్కువగా పాల్గొంటున్నారు. చిన్న అధ్యయనమే, వందమంది కూడా లేరు. అయినా గమనించండి, రెండు అంతస్తుల్లోనూ మొక్క ఖర్చు ఒకటే. మళ్ళీ చెప్తున్నాను, మొక్క ఖర్చు ఒకటే. తేడా అంతా నీళ్ళు ఎవరు పోస్తారన్నదాంట్లో ఉంది.

కాబట్టి కొనేముందు అడగండి. అడగడమంటే "ఏం కావాలి మామ్మగారూ" అంటే "ఏం వద్దు నాయనా" అనే అంటారు. మొహమాటం, ఇంకొకరికి భారం కాకూడదన్న తపన. రెండు వస్తువులు చూపించి ఏది అని అడగండి. వాళ్ళ జీవితం గురించి ఒక పేజీ రాసిపెట్టుకోండి. మనిషికి పెద్దయ్యాక బాగా గుర్తుండేవి ఎక్కువగా 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవి. కుటుంబసభ్యులు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకొక పని అప్పగిస్తున్నాను. మీ అమ్మగారో నాన్నగారో ఆ వయసులో ఏం పనిచేశారు, చేతిలో ఏ పనిముట్టు ఉండేది, ఏ పాటలు వినేవారు, ఎవరు దోస్తులు, ఏది అంటే కోపం వచ్చేది, ఒక పేజీ రాసి ఆశ్రమంలో ఇవ్వండి. మీరిచ్చే చందాకంటే ఆ పేజీ మాకు ఎక్కువ ఉపయోగం.

ఒక పెద్దాయన ఉండేవారు. జీవితమంతా కుట్టుపనే. మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. సాయంత్రమయ్యేసరికి లేచి ఒక్కొక్క తలుపూ లాగుతూ తిరిగేవారు. ఆయన గతం తెలిసిన ఒక ఆయా, ఒక పాత చొక్కా, కొలత టేపు, సుద్దముక్క తెచ్చి బల్లమీద పెట్టింది. సూదీ కత్తెరా పెట్టలేదు. ఆయన వచ్చి కూర్చుని ముందు చొక్కాని తిప్పి చూశారు. బల్లమీద పరిచి, అరచేత్తో ముడతలన్నీ మధ్యనుంచి అంచులకి నిమిరారు. టేపు తీసి మెడలో వేసుకున్నారు. ఎవరూ చెప్పలేదు, మెడలోనే వేసుకున్నారు. భుజం దగ్గర కొలిచి, అంకె పైకి చెప్పకుండా సుద్దతో ఒక గీత గీశారు. తిన్నగా ఉంది గీత. పేరు అడిగితే తడుముకునే మనిషి! ఆ చొక్కా ఎన్ని కొత్త బొమ్మలకి, ఎంత కొత్త ఆటసామానుకి సమానం చెప్పండి?

కామెరాన్ క్యాంప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల్లో, చిన్నపిల్లలకి చేతిపనులతో నేర్పే మాంటిస్సోరి పద్ధతిని డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకి అనువుగా మలిచారు. చెయ్యి గుర్తుపెట్టుకున్న పని చేతికివ్వండి, పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీయండి, చూపించండి, తప్పులు దిద్దకండి. తువ్వాళ్ళు మడతపెట్టడం, గుండీలు రంగుల వారీగా వేరుచేయడం, పుస్తకాలు తుడిచి అమర్చడం. సామాను అంతా ఇంట్లోదే. గుండీల్లాంటి చిన్నవి నోట్లో పెట్టుకునే స్థితి ఉన్నవాళ్ళకి ఇవ్వకండి.

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. పెద్దలకి పని అప్పగించడం వేరు, మనిషిని తగ్గించుకుని వాళ్ళచేత చాకిరీ చేయించడం వేరు. తువ్వాళ్ళు మడతపెట్టకపోతే ఆ రోజు పని ఆగిపోయేలా ఉంటే అది కార్యక్రమం కాదు. వాళ్ళు "ఇవాళ వద్దు" అంటే అక్కడితో ఆగాలి.

మంచంమీద ఉన్నవాళ్ళ గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. హాలుకి రాలేనివాళ్ళు మన ఖర్చు లెక్కలో ఎక్కడున్నారు? దాదాపు ఎక్కడా ఉండరు. కచేరీ డబ్బంతా లేచి రాగలిగినవాళ్ళకే వెళ్తుంది. మంచం దగ్గర పది నిమిషాలు కూర్చుని చేతులకి నూనె రాయడం, ఇష్టమైన పాట చెవి దగ్గర మెల్లగా వినిపించడం, ఒక ఫొటో చూపించి మాట్లాడటం, వీటికి ఖర్చు సమయమే. అమెరికాలో ఆన్ బాస్టింగ్ అనే ఆవిడ డిమెన్షియా ఉన్నవాళ్ళతో కథలు అల్లించే పద్ధతి ఒకటి తయారుచేశారు. జ్ఞాపకం చేసుకోమని అడగరు. ఒక బొమ్మ చూపించి, "ఈయనకి ఏం పేరు పెడదాం? ఎక్కడికి వెళ్తున్నాడంటారు?" అని అడుగుతారు. ఏ జవాబైనా సరైనదే. చెప్పిందంతా రాసుకుని మళ్ళీ చదివి వినిపిస్తారు. దీనికి కావలసింది పాత పత్రికలోంచి ఒక బొమ్మ, కాగితం, పెన్ను. "మీ మనవడి పేరేంటి, గుర్తుందా?" అని పదేపదే పరీక్షపెట్టేవాళ్ళు కుటుంబసభ్యుల్లో కూడా ఉంటారు. దయచేసి ఆ పరీక్ష మానేయండి. వాళ్ళని అది ఎంత నొప్పిస్తుందో మనకి కనబడదు.

సరే, మనిషి సమయం కావాలన్నాం. ఎక్కణ్ణుంచి వస్తుంది? స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు. కాలేజీ పిల్లలు, రిటైరైనవాళ్ళు. ఇక్కడ మాత్రం ఒక విషయం మీరు బాగా పట్టించుకోవాలి.

రిచర్డ్ షుల్జ్ అనే పరిశోధకుడు, అది కూడా 1976లోనే, ఆశ్రమంలో ఉన్న పెద్దల దగ్గరికి కాలేజీ విద్యార్థుల్ని పంపించారు. కొంతమంది పెద్దలు, విద్యార్థులు తమ దగ్గరికి ఎప్పుడు రావాలో తామే చెప్పారు. కొంతమందికి ఎప్పుడు వస్తారో ముందే తెలిసేది. కొంతమంది దగ్గరికి విద్యార్థులు అంతేసార్లు వచ్చారు, కానీ చెప్పాపెట్టకుండా. ఇంకొంతమంది దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. మొదటి రెండు గుంపులూ బాగున్నాయి. విద్యార్థులు చెప్పకుండా వచ్చిన పెద్దల గుంపు, ఎవరూ రాని గుంపుకంటే ఏమంత మెరుగ్గా లేదు. వినండి, అంతేసార్లు మనిషి వచ్చాడు, అంతేసేపు కూర్చున్నాడు. కానీ ఎదురుచూడటానికి వీల్లేకపోయింది.

అంతటితో అయిపోలేదు. ప్రయోగం ముగిసింది, విద్యార్థులు వెళ్ళిపోయారు. షుల్జ్, హనూసా అనే ఇంకో పరిశోధకురాలు కలిసి కొంతకాలం తర్వాత మళ్ళీ వెళ్ళి చూశారు. 1978లో రాశారు. ముందు బాగుపడ్డారన్నామే, ఆ గుంపులవాళ్ళు దిగజారారు. అలవాటు చేసి ఆపేస్తే అలా ఉంటుంది.

కాబట్టి స్వచ్ఛంద సేవకుల్ని తీసుకునేటప్పుడు "ఎంతమంది వస్తారు" అని అడగకండి. "ఏ రోజు వస్తారు, ఎన్నాళ్ళు వస్తారు, ఆపేటప్పుడు ఎలా చెప్తారు" అని అడగండి. ఏడాదికోసారి బస్సు నిండా వచ్చి, ఫొటోలు దిగి వెళ్ళే యాభైమందికంటే ప్రతి మంగళవారం నాలుగింటికి వచ్చే ఒక్క మనిషి గొప్ప. రానినాడు ఫోన్ చేసి పెద్దావిడతోనే "ఇవాళ రాలేను" అని చెప్పే మనిషి ఇంకా గొప్ప. నెదర్లాండ్స్‌లో డెవెంటర్ అనే ఊళ్ళో ఒక ఆశ్రమం విద్యార్థులకి ఖాళీ గదులు అద్దె లేకుండా ఇస్తుంది. బదులుగా వాళ్ళు నెలకి 30 గంటలు పెద్దలకి మంచి పొరుగువాళ్ళుగా ఉండాలి. గది ఖాళీగా ఉందంటే అది కూడా నిధే అని వాళ్ళకి తోచింది. మీ దగ్గర ఏం ఖాళీగా ఉంది? సాయంత్రాలు వాడని హాలా? సంగీతం నేర్పేవాళ్ళకి ఆ హాలు ఉచితంగా ఇవ్వండి, తలుపు తీసిపెట్టి పాఠం చెప్పమనండి. రంగులు వేసే బృందానికి స్థలం కావాలా? ఇవ్వండి, ఇద్దరు పెద్దల్ని తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోమనండి.

ఇంక డబ్బు అడగడం గురించి. అడగక తప్పదు, అన్నీ ఉచితంగా రావు. మంచి ఫిజియోథెరపిస్టుకీ, బాగా పాడేవాళ్ళకీ, బండికీ డబ్బివ్వాలి. కళాకారుల్ని ఎప్పుడూ ఉచితంగా రమ్మనడం నాకు నచ్చదు. అది వాళ్ళ జీవనం.

దాతలు మామూలుగా కంటికి కనబడేవాటికి ఇస్తారు. టీవీ ఇస్తారు, కుర్చీలిస్తారు, మీద పేరు రాయమంటారు. బ్యాటరీలకీ ఆయా సమయానికీ ఇవ్వరని మనమే అనుకుంటాం. ఎప్పుడైనా అలా అడిగామా? "కార్యక్రమాలకి విరాళం ఇవ్వండి" అంటే ఎవరికీ ఏమీ కనబడదు. "మా దగ్గర 11 మందికి చెవి మిషన్లున్నాయి, వాళ్ళందరికీ ఏడాదిపాటు బ్యాటరీలకి ఇంత అవుతుంది" అని చెప్పి చూడండి. "మంచంమీద ఉన్న ఆరుగురి దగ్గర వారానికి రెండు గంటలు కూర్చునే మనిషికి ఏడాదికి ఇంత అవుతుంది" అని చెప్పి చూడండి. మీ సంఖ్యలు మీరు వేసుకోండి. మనిషి కళ్ళముందు కదలాలి, పని కళ్ళముందు కదలాలి, మొత్తం ఎంతో, ఎంతకాలానికో తెలియాలి. ఒకేసారి ఇవ్వలేనివాళ్ళు నెలనెలా కొంచెం ఇస్తామంటే ఇంకా మంచిది. ఒక్కసారి వచ్చే పెద్దమొత్తంతో మొదలుపెట్టి మధ్యలో ఆపడం ఎంత ప్రమాదమో ఇప్పుడే చెప్పుకున్నాం.

ఎవరైనా ఖరీదైన వస్తువు ఇస్తామంటే దానికి ఏడాదికి ఎంత ఖర్చవుతుందో అడగండి. రిపేరుకి ఎవరొస్తారు? నడిపించేది ఎవరు? జపాన్‌వాళ్ళు తయారుచేసిన పారో అనే రోబో ఉంది, సీల్ అనే సముద్రజంతువు పిల్లలా ఉండే బొమ్మ, నిమిరితే కదులుతుంది, శబ్దం చేస్తుంది, చాలా ఖరీదు. ఆస్ట్రేలియాలో 28 ఆశ్రమాల్లో డిమెన్షియా ఉన్న 415 మందితో దీన్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకి రోబో, ఒక గుంపుకి అదే బొమ్మ స్విచ్ ఆపేసి, ఒక గుంపుకి మామూలు సంరక్షణ. రోబోతో పెద్దలు ఎక్కువగా మాట్లాడారు, ఎక్కువసేపు చూశారు, అది నిజం. మామూలు సంరక్షణతో పోలిస్తే మనసు, ఆందోళన కూడా కొంత మెరుగుపడ్డాయి. కానీ స్విచ్ ఆపిన మెత్తటి బొమ్మకంటే అది మెరుగనిపించుకున్నది ఆ మాట్లాడటంలో, చూడటంలో మాత్రమే. డబ్బున్నవాళ్ళు కొనుక్కోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. మనలాంటివాళ్ళం ముందు మెత్తటి బొమ్మ ఒడిలో పెట్టి చూద్దాం, అదీ వాళ్ళు ఇష్టపడితేనే.

డబ్బు ఎలా పంచాలని నన్ను అడిగితే, మొత్తాన్ని వంద భాగాలు అనుకోండి. ముప్ఫై భాగాలు వినికిడికి, చూపుకి, కూర్చోవడానికి. నలభై మనిషి సమయానికి, అంటే క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళకి, మంచం దగ్గర కూర్చునేవాళ్ళకి. పది బయటికి తీసుకెళ్ళడానికి. పది సామానుకి. పది ముట్టుకోకుండా ఉంచండి. ఎందుకంటే వచ్చే నెల విరాళం ఆలస్యమైనా మంగళవారం కార్యక్రమం ఆగకూడదు. ఇది నా లెక్క. మీ ఆశ్రమంలో నడవగలిగినవాళ్ళు ఎక్కువుంటే వ్యాయామానికి ఎక్కువ పెట్టండి. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులు, తూలి పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కుర్చీ పట్టుకుని లేచి కూర్చోవడంతో మొదలుపెట్టొచ్చు.

లెక్కల విషయంలో గట్టిగా ఉండండి. కార్యక్రమాల డబ్బుకి వేరే పుస్తకం పెట్టండి, కుదిరితే వేరే ఖాతా. కలిపేస్తే కరెంటు బిల్లు తినేస్తుంది. పెద్దల సొంత డబ్బు, పింఛను డబ్బు, వాళ్ళు ఒప్పుకోకుండా ఒక్క పైసా కూడా ఇందులోకి రాకూడదు. ఇద్దరు ముగ్గురు పెద్దల్ని కూర్చోబెట్టుకుని నెలకోసారి ఆ పుస్తకం చదివి వినిపించండి. దేనికి ఖర్చుపెట్టాలో వాళ్ళనే అడగండి. ఖర్చు విషయంలో మనకంటే వాళ్ళకే అనుభవం ఎక్కువ, సంసారాలు ఈదినవాళ్ళు! ఫొటోల సంగతి కూడా అంతే. దాతకి పంపించాలంటే ముందు ఆ మనిషిని అడగాలి. ఆ మనిషి చెప్పే స్థితిలో లేకపోతే కుటుంబాన్ని అడగాలి. వాళ్ళు ఒప్పుకున్నా, నోరు తెరిచి నిద్రపోతున్న ఫొటో పంపించొద్దు. జాలి చూపించి తెచ్చిన డబ్బు నాకు వద్దు.

చివరిగా రిజిస్టరు. "40 మంది హాజరు" అని రాయడం మానేయండి. ప్రతి ఒక్కరి పేరుకీ ఎదురుగా రెండే గడులు: ఈ వారం తన చేత్తో ఏదైనా చేశారా? ఈ వారం ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడారా? వారాంతంలో రెండు గడులూ ఖాళీగా ఉన్న పేర్ల కింద ఎర్రగీత గీయండి. వచ్చేవారం డబ్బూ సమయమూ ముందు ఆ పేర్లకి వెళ్ళాలి. హుషారుగా ముందుకొచ్చేవాళ్ళు ఎలాగూ తమకి కావలసింది అడిగి తీసుకుంటారు. ఆ రిజిస్టరు నమూనా కాగితాలు బయట బల్లమీద పెట్టించాను, పెద్ద అక్షరాల్లోనే వేయించాను. పట్టుకెళ్ళండి. దాంతోపాటు జీవితచరిత్ర పేజీ కూడా ఉంది, అది కుటుంబసభ్యుల కోసం. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. మైకు దగ్గరికి రాలేనివాళ్ళు అక్కడే ఉండండి, మైకే మీ దగ్గరికి తెస్తారు.